5 గంటల 40 నిమిషాల రన్నర్‌కి ఏ విదేశీ మారథాన్ నప్పుతుంది?

ప్రశ్న

ఫుల్ మారథాన్ 5:40లో పూర్తి చేస్తాను. మంచి రోజైతే ఇంకో పది నిమిషాలు తగ్గుతుంది, అంతకన్నా తగ్గదు. ఒక్కసారైనా వేరే దేశం వెళ్లి పరిగెత్తాలని ఉంది. బెర్లిన్, టోక్యో, న్యూయార్క్, ఏథెన్స్, వాలెన్సియా రాసిపెట్టుకున్నాను. మా ఆవిడ కూడా వస్తుంది, ఆమె పరిగెత్తదు. వెళ్లొచ్చినవాళ్లు ఏది ఎంచుకోమంటారు?

జవాబు 1

ముందు వాలెన్సియా కొట్టేయండి. దారంతా చదును, డిసెంబర్ మొదటి ఆదివారం కాబట్టి చల్లగా ఉంటుంది, అందరూ మెచ్చుకునేదే. కానీ కటాఫ్, అంటే పోటీ ముగించాల్సిన గడువు, ఐదున్నర గంటలు. మీ మంచి రోజు కూడా అక్కడ గీత మీదే ఉంటుంది.

మిగతావాటిలో బెర్లిన్‌కి 6:15, టోక్యోకి 7 గంటలు. మీ లిస్టులో లేదు గానీ షికాగోకి 6:30. చూడ్డానికి టోక్యో ఉదారంగా కనిపిస్తుంది. లోపలికెళ్తే లెక్క వేరు. అక్కడ టైము స్టార్ట్ గన్ పేలగానే మొదలవుతుంది, మీరు స్టార్ట్ లైన్ దాటినప్పుడు కాదు. రన్నర్లని స్టార్ట్ దగ్గర గుంపులుగా నిలబెడతారు, వెనక గుంపులో నిలబడితే లైన్ దగ్గరికి రావడానికే బోలెడు టైము పోతుంది. పైగా దారి పొడవునా కటాఫ్ గేట్లుంటాయి. గేటు మూసే వేళకి చేరకపోతే మీ రేసు అక్కడితో సరి. టాయిలెట్ క్యూలో నిలబడ్డ సేపు కూడా ఆ లెక్కలోదే.

నా మట్టుకు నేను మామూలు టైముకీ కటాఫ్‌కీ మధ్య అరగంటైనా లేని పోటీకి విమానం టికెట్ కొనను. కొత్త ఊరు, సరిగా పట్టని నిద్ర, జనంలో ఇరుక్కుని నడిచిన మొదటి కిలోమీటర్లు, అన్నీ కలిసి ఆ అరగంటని తినేస్తాయి. ఆ లెక్కన బెర్లిన్ మీకు సరిపోతుంది, కాస్త బిగువుగానే.

జవాబు 2

కటాఫ్ సంగతి సరేనండీ, ఎంట్రీ దొరకాలి కదా! బెర్లిన్ లాటరీ. లండన్ 2026 లాటరీకైతే 11 లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. బోస్టన్‌కి వయసును బట్టి క్వాలిఫైయింగ్ టైము ఉండాలి, దాని జోలికి మనం పోనక్కర్లేదు.

లాటరీ తగలకపోతే రెండు దారులున్నాయి. ఒకటి చారిటీ బిబ్ (బిబ్ అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబర్ కాగితం, అది ఉంటేనే ఎంట్రీ): ఏదైనా సేవా సంస్థకి ఇంత విరాళం సేకరిస్తానని మాటివ్వాలి. సేకరించలేకపోతే మిగతాది మీ కార్డు మీద పడే ఒప్పందాలే ఎక్కువ, సంతకం పెట్టే ముందు ఆ పేరా చదవండి. రెండోది, పోటీవాళ్లు గుర్తింపిచ్చిన టూర్ ఆపరేటర్లు హోటల్‌తో కలిపి అమ్మే ఎంట్రీ. ఖర్చెక్కువే, కాకపోతే బిబ్ ఖాయం. ఎవరో వెళ్లలేక అమ్ముతున్న బిబ్ మాత్రం కొనకండి. పెద్ద పోటీల్లో ఎక్స్‌పోకి (పోటీకి ముందు బిబ్‌లు పంచే చోటు) స్వయంగా వెళ్లి, గుర్తింపు కార్డు చూపిస్తేనే బిబ్ చేతికిస్తారు.

న్యూయార్క్ గురించి ఎవరూ ముందుగా చెప్పని మాటొకటి. స్టార్ట్ స్టాటెన్ ఐలండ్‌లో. పొద్దున్నే ఫెర్రీయో బస్సో ఎక్కాలి, అక్కడికి చేరాక నవంబర్ చలిలో మీ వేవ్ (విడతలవారీగా వదిలే గుంపు) వంతు వచ్చేదాకా గంటల తరబడి కూర్చోవాలి. వెనక వేవ్ వాళ్లకి ఆ నిరీక్షణే ఒక హాఫ్ మారథాన్. పారేసినా ఫరవాలేదనుకునే పాత స్వెట్టర్ వేసుకెళ్లండి, స్టార్ట్ దగ్గర వదిలేసిన బట్టలు పోగుచేసి దానమిస్తారు. తర్వాత ఐదు వంతెనలు, ఆఖర్లో ఫిఫ్త్ అవెన్యూ ఎక్కుడు. జనం ఉత్సాహానికి మాత్రం దానికి సాటి లేదు, అది ఒప్పుకోవాల్సిందే.

అడిగినవారు

ఇద్దరికీ థాంక్స్. టోక్యో, వాలెన్సియా తీసేశాను. ఏథెన్స్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? అసలు మారథాన్ అదే కదా!

జవాబు 3

మారథాన్ అనే ఊళ్లో మొదలై, 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియంలో ముగుస్తుంది. ఆ ముగింపు కోసమే చాలామంది వెళ్తారు. కానీ సుమారు 10వ కిలోమీటర్ నుంచి 31 దాకా ఎక్కువ భాగం ఎక్కుడే. మామూలు టైముకి పావుగంట, ఇరవై నిమిషాలు కలుపుకోండి. లాంగ్ రన్లు వంతెనలూ గుట్టలూ ఉన్న దారిలో చేయగలిగితేనే పెట్టుకోండి, చదును రోడ్డు మీదే సాధన చేసి వెళ్తే తొడలు ఊరుకోవు.

మీ ఆవిడ సంగతి కూడా చూడండి. ఏథెన్స్, న్యూయార్క్ ఒకచోట మొదలై ఇంకోచోట ముగుస్తాయి. బెర్లిన్‌లో స్టార్టూ ఫినిషూ పక్కపక్కనే, బ్రాండెన్‌బర్గ్ గేటు దాటగానే ఫినిష్. పొద్దున సాగనంపి, మధ్యలో మెట్రో ఎక్కి ఒకటి రెండు చోట్ల చూసి, ఫినిష్‌కి తిరిగి రావచ్చు.

జవాబు 1

వాతావరణం మీద ఎవరికీ గ్యారంటీ లేదు. 2007లో ఎండ దెబ్బకి షికాగో పోటీని మధ్యలో ఆపేశారు. 2012లో శాండీ తుఫాను వల్ల న్యూయార్క్ పూర్తిగా రద్దయింది. అందుకే హోటల్ రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

టైము జోన్ తేడా గంటకి ఒక రోజు చొప్పున శరీరం సర్దుకుంటుందని లెక్కేసుకోండి. పడమటికి వెళ్తే తెల్లవారకముందే మెలకువ వస్తుంది, ఉదయం పోటీకి అది ఒకందుకు మంచిదే. తూర్పుకి వెళ్తే నిద్ర పట్టదు, ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకోండి. వీసా కావాల్సినవాళ్లయితే షెంగెన్‌కి (జర్మనీ, గ్రీస్ లాంటి యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయొచ్చు.

రేసు షూ, షార్ట్స్, జెల్స్ (పరిగెత్తేటప్పుడు శక్తి కోసం మింగే పాకెట్లు) చెకిన్ బ్యాగులో వేయకండి. మిగతావేవైనా అక్కడ కొనుక్కోవచ్చు, అలవాటైన షూ కొనలేరు.

అడిగినవారు

సరే, బెర్లిన్ లాటరీకి ఇద్దరం తలో పేరు ఇస్తాం అంటే మా ఆవిడ నవ్వింది. కాబట్టి నా ఒక్కడి పేరే. తగలకపోతే ఏథెన్స్. అది నవంబర్‌లో గనక గుట్టల మీద సాధనకి టైము ఉంటుంది. జీపీఎస్ వాచీ మీద ఆధారపడి కటాఫ్ లెక్క చూసుకోవచ్చా?

జవాబు 3

వద్దు. మలుపుల్లో, జనాన్ని తప్పించుకుంటూ పరిగెత్తితే వాచీ మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్ల కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఎత్తైన భవనాల మధ్య మరీ పిచ్చిగా తిరుగుతుంది. వాచీ తనంతట తానే కిలోమీటర్లు లెక్కపెట్టే ఆటో ల్యాప్ ఆపేసి, కిలోమీటర్ బోర్డు దాటిన ప్రతిసారీ బటన్ మీరే నొక్కండి. ప్రతి ఐదు కిలోమీటర్లకీ ఉండాల్సిన టైము చేతి మీద పెన్నుతో రాసుకోండి.