టర్బో కారు మైలేజీ ఒక్కో రోజు ఒక్కో రకంగా ఎందుకు?

ప్రశ్న: పదేళ్లు 1.6 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజిన్‌తో తిరిగాను. ఇప్పుడు 1.0 లీటరు టర్బో కొన్నాను. నిదానంగా వెళ్తే లీటరుకు 19 కిలోమీటర్లు వస్తోంది, తొందరపడిన రోజు 12 దాటడం లేదు. పాత కారులో ఇంత తేడా ఎన్నడూ చూడలేదు. లోపం బండిలోనా, నా కాలిలోనా?

జవాబు 1: కాలిలోనే! వృథాగా బయటికి పోయే పొగతో టర్బోలోని టర్బైన్ (రెక్కల చక్రం) నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగి, సిలిండర్లలోకి అదనంగా గాలిని తోస్తుంది. బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు పడాలి. గాలి పెరిగితే పెట్రోలూ పెరగక తప్పదు. అసలు ఆదా ఇంజిన్ చిన్నదవడం వల్ల వస్తుంది: రాపిడి తక్కువ, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత) ఎక్కువ తెరుచుకుని ఉంటుంది కనుక గాలి పీల్చుకునే శ్రమా తక్కువ.

జవాబు 2: గట్టిగా తొక్కినప్పుడు వేడి తగ్గించడానికి మరికాస్త పెట్రోలు చిమ్మే ఇంజిన్లూ ఉన్నాయి. మీ 12 వెనుక అదీ ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు: రెండు వారాలు పెడల్‌ను సున్నితంగా నొక్కి చూశాను. 17 వచ్చింది. వెనుక సీటులో అత్తగారు ఉన్న రోజు 18.