ఓడ ముందా, రైళ్లు ముందా? నల్లగొండ నుంచి ఇద్దరం యూరప్ పోదామనుకుంటున్నాం

నల్లగొండ_రిటైర్డ్_సారు:

అందరికీ నమస్తే. ఈ మధ్యనే రిటైర్ అయ్యాను. వచ్చే మే చివర్లో నేనూ మా ఆవిడా యూరప్ పోదామనుకుంటున్నాం. అమ్మాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటుంది. వాళ్లింట్లో కొన్నాళ్లుండి, రైళ్లలో స్విట్జర్లాండ్, ఇటలీ చూసుకుంటూ రోమ్ చేరి, అక్కడ క్రూయిజ్ ఓడెక్కి గ్రీసు, టర్కీ తిరిగి మళ్లీ రోమ్‌లో దిగి ఇంటికి రావాలని నా ప్లాన్. అల్లుడేమో ముందు ఓడ పెట్టుకోండి, రైళ్లు తర్వాత చూసుకోవచ్చు అంటున్నాడు. ప్యాకేజీ టూర్ల వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు గానీ, తెల్లారకముందే లేపి బస్సులో కుక్కి తిప్పే ఆ తిరుగుడు మాకొద్దు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా ముట్టదు. నీళ్ల మీద మా అనుభవమంతా సాగర్ నుంచి నాగార్జునకొండకు పోయే లాంచీయే. వీసా, రైలు టికెట్లు, ఓడలో తిండి, సామాను... ఇట్ల పోయొచ్చిన వాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పాలమూరు_ప్రయాణి:

సార్, మీ ప్లానే కరెక్టు, అల్లుడి మాట వినకండి (ఇంట్లో చెప్పకండి). ఓడ ఎవరి కోసమూ ఆగదు. హైదరాబాద్ నుంచి ఫ్లైటు లేటయినా, బ్యాగులు రాకపోయినా అది వెళ్లిపోతుంది, తర్వాతి రేవు దాకా మీ ఖర్చుతో మీరే పోయి అందుకోవాలి. అదే రైళ్లయితే ఒకటి పోతే ఇంకోటి. ఆఖరున ఓడ పెట్టుకుని, అది బయల్దేరే ముందు రోజు రాత్రికే రోమ్‌లో పడుకుంటే టెన్షన్ ఉండదు. ఓడ ఎక్కేది రోమ్‌లో కాదు, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో చివిటావెక్కియా అనే రేవులో. రోమ్‌లోని టెర్మిని స్టేషన్ నుంచి మామూలు రైలులో గంటా గంటంపావు, దిగాక రేవుకు బస్సు. ఇటలీలో రీజనల్ రైలుకు కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరుండే మిషన్‌లో ముద్ర కొట్టించాలి, లేకపోతే టికెట్ ఉన్నా ఫైన్ వేస్తారు.

వీసా సంగతి. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి పెట్టాలి, మీకు అమ్మాయి దగ్గరే ఎక్కువ రోజులైతే జర్మనీ. ఫీజు 90 యూరోలు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, వేసవికి స్లాట్లు దొరకవు కాబట్టి చలికాలంలోనే మొదలుపెట్టండి. ఒక్కటి మాత్రం మరవకండి: టర్కీ షెంగెన్‌లో లేదు. అక్కడ దిగి మళ్లీ ఇటలీకి వస్తున్నారంటే మల్టిపుల్ ఎంట్రీ (ఒకటికన్నా ఎక్కువసార్లు లోపలికి రావడానికి) అని ఫారంలో రాయాలి, క్రూయిజ్ బుకింగ్ కాగితం జత చేయాలి. టర్కీ వీసా మీకు కావాలో వద్దో ఓడ కంపెనీని అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి, ఫోన్లో చెప్పినదాన్ని నమ్మొద్దు.

కోదాడ_కోడలు:

అంకుల్, ఆంటీ మోకాళ్ల గురించి నేను చెప్తాను, మా అత్తమ్మను తీసుకుపోయాం కాబట్టి. ఓడలో లిఫ్టులుంటాయి, ఇబ్బంది లేదు. ఇబ్బందంతా రైళ్ల దగ్గరే. అక్కడ కూలీలు దొరకరు, సూట్‌కేస్ మనమే ఎత్తి మెట్లమీదుగా బోగీలోకి ఎక్కించాలి, రైలేమో రెండు మూడు నిమిషాలే ఆగుతుంది. మనిషికో చిన్న పెట్టె చాలు, పెద్ద పెట్టె వద్దేవద్దు. ఓడ ఆగే చోట్లలో గ్రీసు దీవి శాంటోరిని ఉంటే జాగ్రత్త. అక్కడ ఓడ సముద్రంలోనే ఆగుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాక ఊరు కొండమీదుంటుంది. పైకి పోవాలంటే దాదాపు 600 మెట్లు, లేకుంటే కేబుల్ కార్. దాని క్యూ ఎండలో పాములా సాగుతుంది. ఆంటీతో అయితే క్యూ తగ్గేదాకా ఓడలోనే కూర్చుని ఆలస్యంగా దిగండి. కానీ తిరిగి ఎక్కే టైం మాత్రం గీత గీసినట్టు ఉంటుంది. ఇటలీకి గ్రీసుకు గంట తేడా, ఓడ గడియారం ఏ టైం చూపిస్తే అదే మీ టైం, ఫోన్‌ను నమ్మకండి.

తిండికి భయం లేదు. బుక్ చేసినప్పుడే గుడ్డు లేని శాకాహారం అని రాయించాలి, ఎక్కాక మొదటి రాత్రే డైనింగ్ హాల్లో వడ్డించేవాళ్ల పెద్దకు మళ్లీ చెప్పాలి, రేపటి మెనూ ముందురోజే చూపించి అడుగుతారు. మా అత్తమ్మకు పప్పు, చపాతీ విడిగా చేసి పెట్టారు, రుచి అంటారా, ఊరుకోండి.

బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచిలోనే పెట్టుకోండి, రేవులో పెద్ద బ్యాగులు తీసేసుకుని గదికి సాయంత్రానికి గానీ చేర్చరు. దిగే ముందు రాత్రి కూడా అంతే, బ్యాగులు గది బయట పెట్టమంటారు. పొద్దున కట్టుకునే చీర దాంట్లో పెట్టేస్తే నైటీతో దిగాలి!

నల్లగొండ_రిటైర్డ్_సారు:

చాలా థాంక్స్ అమ్మా, తమ్ముడూ. ఇంకో రెండు సందేహాలు. యూరెయిల్ పాస్ (యూరప్‌లో చాలా దేశాల రైళ్లకు ఒకే పాస్) కొనాలా, విడి టికెట్లా? మా ఆవిడ సకినాలు, మామిడికాయ తొక్కు, నెయ్యి, పాలకోవా, రైస్ కుక్కర్ సర్దుతానంటుంది, ఆపాలా?

దేవరకొండ_బాబాయ్:

రైస్ కుక్కర్ ఆపండి. వేడి పుట్టించే వస్తువులు, కెటిల్, ఇస్త్రీ పెట్టె ఏవున్నా ఓడ ఎక్కేటప్పుడు స్కానర్‌లో పట్టుకుని తీసేసుకుంటారు, దిగేటప్పుడు ఇస్తారు. అమ్మాయి ఇంట్లో వదిలేద్దామన్నా మీరు దిగేది రోమ్‌లో. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, కాబట్టి నెయ్యి, కోవా, నాటుకోడి పచ్చడి ఇంట్లోనే. సకినాలు, తొక్కు పరవాలేదు, తొక్కు మాత్రం చెక్-ఇన్ బ్యాగులో రెండు కవర్లేసి పెట్టండి.

పాస్ గురించి. అరవై దాటినవాళ్లకు యూరెయిల్‌లో 10 శాతం తగ్గింపు ఉంది, అయినా మీకు లాభం అనిపించట్లేదు. ఇటలీ స్పీడు రైళ్లకు పాస్ ఉన్నా సీటు డబ్బులు వేరే కట్టాలి. తేదీలు ఖాయమైతే రెండు మూడు నెలల ముందే విడి టికెట్లు కొనండి, చవక. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి జ్యూరిక్, అక్కణ్నుంచి నేరుగా మిలాన్‌కు పోతే 57 కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగంలో చీకట్లో పోతారు, అందుకే నేనైతే స్విట్జర్లాండ్‌లోని కూర్ అనే ఊరి మీదుగా, ఇటలీ సరిహద్దు ఊరు తిరానో దారి పట్టమంటాను. బెర్నినా రైలంటే అదే, నాలుగు గంటలు, 2,253 మీటర్ల ఎత్తెక్కి ఇటలీలో దిగుతుంది. యునెస్కో గుర్తించిన లైను. ఎర్ర బెర్నినా ఎక్స్‌ప్రెస్‌కు రిజర్వేషన్ డబ్బు అదనం. అదే పట్టాలమీద పోయే మామూలు రైలుకు అక్కర్లేదు, పైగా కొన్ని బోగీల్లో కిటికీ దించుకుని ఫోటో తీసుకోవచ్చు. దారిలో బ్రూసియో అనే ఊరి దగ్గర రైలు గుండ్రంగా తిరిగి తన కింది నుంచే తాను పోతుంది, తిరానో వైపు పోయేటప్పుడు కుడి పక్క కూర్చోమంటారు. జర్మనీ రైళ్లు ఆలస్యమవుతుంటాయి, మారేచోట గంటైనా గ్యాప్ పెట్టుకోండి.

ఓడలో ఒక ఖర్చు ఎవరూ చెప్పరు. టిప్పుల పేరుతో మనిషికి రోజుకు ఇన్ని యూరోలని బిల్లులో వేసేస్తారు, టికెట్లో కలిసిందో లేదో ముందే కనుక్కోండి. నడి సముద్రంలో ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో లేకపోతే ఓడ నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు పేలిపోతుంది. గది మధ్య భాగంలో, కింది అంతస్తులో తీసుకుంటే ఊగడం తక్కువ. బాల్కనీకి డబ్బు పెట్టాలా అంటే, మీరిద్దరూ పొద్దున్నే లేచేవాళ్లయితే పెట్టండి, లేకపోతే లోపలి గది తీసుకుని ఆ డబ్బు ఎథెన్స్‌లో ట్యాక్సీకి వాడండి.