డొమైన్ పేర్ల పాలన: ‘బహుపాక్షిక’ అంటే సరిపోతుందా?

ప్రశ్న (బెంగళూరు మారతహళ్ళి): ఇంటర్నెట్ పాలన మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘మల్టీలేటరల్’, ‘మల్టీస్టేక్‌హోల్డర్’ రెండూ చాలామంది కలిసి నిర్ణయించడమే కదా, రెంటికీ ‘బహుపాక్షిక’ అని రాసేయొచ్చా?

జవాబు (జయనగర్): వద్దండీ, అసలు గొడవంతా ఆ తేడాలోనే ఉంది. ద్వైపాక్షిక చర్చలంటే రెండు ప్రభుత్వాల మధ్యవే. బహుపాక్షికమూ ప్రభుత్వాల వ్యవహారమే. 2011లో ఐక్యరాజ్యసమితిలో మన దేశం ఇంటర్నెట్ విధానాలకు 50 దేశాల కమిటీ ఒకటి కావాలని అడిగింది చూడండి, అది అచ్చంగా బహుపాక్షికం.

డొమైన్ పేర్ల (వెబ్‌సైట్ల చిరునామాల) వ్యవహారం చూసే ఐకాన్‌ది వేరే దారి, మల్టీస్టేక్‌హోల్డర్ దారి. 1998లో కాలిఫోర్నియాలో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ అది. ఇంజనీర్లు, డొమైన్లు అమ్మే కంపెనీలు, వాడుకరుల తరఫువాళ్ళు అక్కడ కూర్చుని విధానాలు రాస్తారు. ప్రభుత్వాలకు సలహా సంఘం ఉంది. బోర్డు ఆ సలహాను కాదంటే కారణం చెప్పాలి, ఇద్దరికీ ఒప్పుదలయ్యే దారి వెతకాలి. అయితే 2016 సెప్టెంబరు దాకా రూట్ జోన్ (.com, .in లాంటి పై స్థాయి పేర్లన్నిటి మూల జాబితా) మార్పుల మీద, ఒక ఒప్పందం ప్రకారం, అమెరికా వాణిజ్య శాఖ అజమాయిషీ సాగింది. అందరిదీ అంటూ ఒక్క దేశం పెత్తనమేమిటని మిగతా దేశాలు నిలదీయడం న్యాయమేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఒప్పందం ముగిశాక ఐకాన్ మొదటి పెద్ద సమావేశం, అదే నవంబరులో, మన హైదరాబాదులోనే జరిగింది!

మన దేశం 2015లో ఈ మల్టీస్టేక్‌హోల్డర్ పద్ధతికే మద్దతు పలికింది. రెంటికీ ఒకే మాట వాడితే ఆ మలుపు పాఠకుడికి కనబడదు. ‘బహుళ భాగస్వామ్య’ అనండి.

జవాబు (యలహంక, సొంతూరు హిందూపురం): భాగస్వామి అంటే వాటా ఉన్నవాడు కదా అన్నా? ఇక్కడ కన్నడంలో ‘పాలుదారరు’ అంటారు. మావైపు పాలోళ్ళంటే దాయాదులు, ఆస్తి పంపకం గుర్తొస్తుంది. నెట్ వాడుకునే మామూలు మనిషికి అందులో వాటా ఏముంది? ‘వర్గాలు’ అంటే నయం, ప్రభుత్వమూ అందులో ఒక వర్గమే అవుతుంది.

జవాబు (జయనగర్): బాగుంది తమ్ముడూ, ‘బహువర్గ పాలన’ నాకూ నచ్చింది. 2005లో ఐక్యరాజ్యసమితి సమాచార సమాజ శిఖరాగ్ర సభ ఆమోదించిన ట్యూనిస్ పత్రం కూడా ప్రభుత్వాలు, ప్రైవేటు రంగం, పౌర సమాజం అని విడివిడిగానే చెప్పింది, ఎవరి పాత్రలో వాళ్ళు అంటూ. అనువాదంలో ఆ ‘ఎవరి పాత్రలో వాళ్ళు’ అన్న ముక్క మాత్రం వదలకండి. ప్రభుత్వాలకు పెద్దపీట వేయాలనేవాళ్ళూ, కూడదనేవాళ్ళూ ఇప్పటికీ దాన్నే పట్టుకుని వాదిస్తున్నారు.