మూడో తరగతి పాప, రెండు చెవులకీ మెషిన్లు: "వినపడలేదు" అని టీచర్‌కి చెప్పడం ఎలా నేర్పాలి?

మారతహళ్ళి అమ్మ

పాపకి ఎనిమిదేళ్ళు. రెండు చెవుల్లోనూ వినికిడి నష్టం 60 డీబీ (డెసిబెల్స్) చుట్టుపక్కల, చెవి వెనక పెట్టే మెషిన్లు. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, వ్యాన్‌లో కన్నడం. ఇంట్లో ఎదురెదురుగా మాట్లాడితే ఇబ్బంది లేదు. క్లాసులో మాత్రం టీచర్ "అర్థమైందా?" అనగానే తల ఊపేస్తుంది, హోంవర్క్ పక్కపిల్ల డైరీ చూసి రాసుకుంటుంది. మధ్యాహ్నం బ్యాటరీ అయిపోయినా సాయంత్రం దాకా చెప్పదు. థెరపీలో వినడం మీద పని జరుగుతోంది. అడగడం ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? ఫస్ట్ బెంచీ ఇచ్చారు, స్కూలుని ఇంకేం అడగాలి?

చెవి సంగతులు (ఆడియాలజిస్ట్, జయనగర)

ముందు పొద్దున్నే మెషిన్ సంగతి తేల్చుకోండి. అది సగమే పనిచేస్తున్న రోజు పిల్ల ఎన్నిసార్లు అడిగినా ఉపయోగం ఉండదు, అడగడమే మానేస్తుంది.

లింగ్ ఆరు శబ్దాల పరీక్ష రెండు నిమిషాల పని: ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. పాప వెనక మీటరు దూరంలో నిలబడి మామూలు గొంతుతో అనండి, విన్నది తను తిరిగి అనాలి. ఒక్కో చెవికి విడిగా, ఆ తర్వాత రెండూ పెట్టి మూడు మీటర్ల నుంచి. వరస రోజూ మార్చండి, మధ్యమధ్య కొన్ని సెకన్లు ఊరికే ఉండండి, లేకపోతే తాళం పట్టేసి ఊహించి చెప్పేస్తారు. 'స్' అనబోయి 'స' అంటే పరీక్ష చెడినట్టే. పాపకి వినపడేది వెనకున్న అచ్చు.

'స్' ఒక్కటే పోతే ట్యూబులో నీటిచుక్క, మోల్డు (చెవిలోపల కూర్చునే భాగం) రంధ్రంలో గులిమి, మైక్ మీద చెమట చూడండి. 'మ్', 'ఊ' పోతే మోల్డు వదులై ఉండొచ్చు. ఎదిగే పిల్లలకి మోల్డు తొందరగా చిన్నదవుతుంది, అప్పుడు ఈల కూడా వేస్తుంది. అన్నీ పోతే బ్యాటరీ. అన్నీ సరిగా ఉండి కూడా మూడు మీటర్ల నుంచి 'స్' అందకపోతే ఆ విషయం రాసుకుని మీ ఆడియాలజిస్ట్‌కి చెప్పండి, సెట్టింగ్ చూస్తారు.

ఇంట్లో బాగా వినే పిల్ల బడిలో తడబడటానికి ఇంకో కారణం: మన బహువచనం 'లు' అచ్చుతో వస్తుంది, చెవికి అందుతుంది. ఇంగ్లీషు మాట చివరి 'స్' బలం ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైన. టీచర్ బోర్డు దగ్గరుంటే ముందు మాయమయ్యేది అదే.

బ్యాటరీ పాపే మార్చుకోవాలి. 13 నంబరుకి నారింజ స్టిక్కరు, 675కి నీలం. స్టిక్కరు తీశాక రెండు మూడు నిమిషాలు గాలికి ఉంచి వేస్తే ఎక్కువసేపు వస్తుంది. అయిపోయే ముందు మెషిన్ బీప్ ఇస్తుంది. అదేంటో పిల్లలకి ఎవరూ చెప్పరు! అయిపోవస్తున్న బ్యాటరీ కావాలనే వేసి ఆ బీప్ వినిపించండి. ఇంట్లో చంటిపిల్లలుంటే మెషిన్ బ్యాటరీ డోర్‌కున్న లాక్ తీసేయకండి, బ్యాటరీ మింగితే చాలా ప్రమాదం.

స్పెషల్ ఎడ్యుకేటర్, బనశంకరి

తల ఊపడం మొండితనం కాదండీ. అడిగిన ప్రతిసారీ "ఏం లేదులే", "తర్వాత చెప్తాలే" అనిపించుకున్న పిల్లలు అడగడం దండగని తేల్చేసుకుంటారు. ముందు ఇంట్లో ఆ రెండు మాటలూ బంద్. తాతయ్యకీ చెప్పండి.

తర్వాత మాట తెగిందని పసిగట్టడం. చాలామంది పిల్లలకి తాము ఏదో వినలేదన్న సంగతే తెలియదు. ఆటలా చేయండి: "ఫ్రిజ్‌లోంచి నీలం ఏనుగుని పట్రా" అనండి, అసలు మాట మీద దగ్గండి, గోడవైపు తిరిగి గొణగండి. "ఆగు, ఏదో తేడాగా ఉంది" అని ఆపితే పాప గెలిచినట్టు. పట్టుకోవడం అలవాటయ్యాక, ఎందుకు తెగిందో చెప్పించండి. మెల్లగా అంటే "కొంచెం గట్టిగా", చప్పుడైతే "ఇటు తిరిగి చెప్పండి", కొత్త మాటైతే "అంటే ఏంటి?", పొడుగైతే "ఒక్కోటి చెప్పండి". వినపడకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. తెలియని మాటని ఎంత గట్టిగా చెప్పినా పని జరగదు.

ఆఖర్న, విన్నంత చెప్పి మిగతాది అడగడం. "ఏంటి మేమ్?" అంటే టీచర్ మొదట్నుంచీ మొత్తం చెప్పాలి, రెండోసారికే విసుగొస్తుంది. "పేజీ ఫిఫ్టీనా, ఫిఫ్టీయా మేమ్?" అంటే ఒక్క మాటలో పని అయిపోతుంది. మూడు భాషల్లోనూ నోటికి రావాలి, వ్యాన్ అంకుల్‌తో కన్నడంలో "ఇన్నొందు సల హేళి" (ఇంకోసారి చెప్పండి) అనేంత.

చప్పుడు మెల్లగా పెంచండి: నిశ్శబ్దం, ఫ్యాను, పక్కగదిలో టీవీ. పదికి ఎనిమిది వస్తేనే తర్వాతి మెట్టు. బడి నుంచి రాగానే మాత్రం వద్దు. రోజంతా చెవులు రిక్కించి అలసిపోయి ఉంటారు, ఒక అరగంట వదిలేయండి.

ప్రైమరీ టీచర్, వైట్‌ఫీల్డ్

ఫస్ట్ బెంచీ గురించి నా మాట వేరు. అక్కడ కూర్చుంటే వెనక ఎవరు జవాబు చెబుతున్నారో కనపడదు. రెండో వరస, ఓ పక్కకి, కారిడార్‌కీ రోడ్డువైపు కిటికీకీ దూరంగా అడగండి. టీచర్ కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం చీకటై పెదాలు కనపడవు, అదీ చెప్పండి.

రిమోట్ మైక్ (టీచర్ గొంతుని నేరుగా పాప మెషిన్లకి పంపేది) ఉంటే టీచర్ గడ్డం కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఐడీ కార్డు తాడో, నల్లపూసలో, చున్నీ అంచో రాసుకుంటే పాప చెవిలో ఒకటే కరకర. స్టాఫ్‌తో మాట్లాడేటప్పుడు మ్యూట్ చేస్తారు, ఆన్ చేయడం మర్చిపోతారు. అందుకే పాపకీ టీచర్‌కీ ఓ గుర్తు ఉండాలి, పెన్సిల్ నిలువుగా పట్టుకోవడం చాలు. మిగతా పిల్లల జవాబుల్ని టీచర్ మైక్‌లో తిరిగి చెప్పాలి.

"అర్థమైందా?" బదులు "ఇప్పుడేం చేయాలి?" అని అడగమనండి. కానీ క్లాసందరినీ. పాపనొక్కదాన్నే అడిగితే రెండోరోజు నుంచి మీ అమ్మాయి ఆ టీచర్ వైపే చూడదు.

మారతహళ్ళి అమ్మ

అందరికీ థాంక్స్ అండీ. డిక్టేషన్‌లో చాలా మార్కులు పోతున్నాయి. దానికి ఏమైనా ఉందా? పెద్ద క్లాసుల్లో పరీక్షకి అదనపు టైమ్ ఇస్తారా?

ప్రైమరీ టీచర్, వైట్‌ఫీల్డ్

డిక్టేషన్ నడుస్తూ చెప్పకూడదు. ఒకచోట నిలబడి మాట, ఆ మాటతో వాక్యం, మళ్ళీ మాట. పిల్లలు రాస్తుండగా తర్వాతిది మొదలెట్టకూడదు, పాప నోట్‌బుక్ చూస్తూ ఒకేసారి వినలేదు.

టైమ్ ఇస్తారు. సీబీఎస్‌ఈ బోర్డులో మూడు గంటల పేపర్‌కి గంట అదనం, వైకల్య ధ్రువపత్రం ఉంటే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డీబీ నష్టమైతే 'హార్డ్ ఆఫ్ హియరింగ్'. మీరు సరిగ్గా అంచున ఉన్నారు కాబట్టి కొత్త ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) తీయించి, స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకి (వికలాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే అప్లై చేయండి. తొమ్మిదో తరగతి దాకా ఆగితే ఆఖర్న పరుగులు తప్పవు.