స్టూడియోలో వాడే మట్టి మన ఊరిదే అయి ఉండాలా?

బ్రాడీపేట మేడగది:

గుంటూరు బ్రాడీపేటలో మా మేడమీద గదిలో రెండేళ్ళుగా సెరామిక్స్ చేస్తున్నాను. అంతకు ముందు బొమ్మలు గీయడమే నా పని. చార్‌కోల్, ఇండియన్ ఇంకు. ఇప్పుడు రెండూ కలుపుతున్నాను. మట్టి పలకలు కాల్చి, వాటిమీద గీసి, పక్కన కాగితం, పాత గుడ్డ చేర్చి, చెక్కమీద బిగిస్తాను.

మొదటినుంచీ నాది ఒకటే పట్టు, మట్టి ఇక్కడిదే కావాలని. కృష్ణ ఒడ్డున ఒక కుమ్మరి కుటుంబం దగ్గర ఒండ్రుమట్టి బస్తాల్లో తెచ్చుకుంటాను. ఈ ఎండాకాలం పన్నెండు పలకలు చేస్తే చివరికి ఐదు దక్కాయి. నాలుగు ఆరేటప్పుడే అంచులు లేచి విల్లులా వంగిపోయాయి. మూడు 1000 డిగ్రీల దగ్గర కాలి, కిల్న్ (మట్టి కాల్చే బట్టీ) నుంచి చక్కగానే బయటికి వచ్చాయి. వారం తిరిగేసరికి పైన చిన్న చిన్న పెచ్చులు ఊడటం మొదలైంది. ఊడిన గుంటలో తెల్లటి చుక్క. ఒక పలకమీద మా అమ్మ ముఖం గీశాను. సరిగ్గా కన్ను దగ్గరే ఊడింది. ఆ రోజు ఏడ్చాను.

ఆ మిగిలినవి విజయవాడలో ఇద్దరు ఆర్టిస్టులకు చూపించాను. "ఎక్కువ వేడికి కాల్చే స్టోన్‌వేర్ మట్టి తెప్పించుకో, ఈ బాధే ఉండదు" అన్నారు ఒకరు. "బయటి మట్టితో చేస్తే ఇక ఇందులో గుంటూరు ఏముంది?" అన్నారు రెండోవారు. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. మీరేమంటారు?

పటమట స్టూడియో:

మేడమ్, మట్టి మార్చండి. నేను ఆరేళ్ళనుంచి స్టోన్‌వేర్ చేస్తున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

స్టోన్‌వేర్ 1200 నుంచి 1280 డిగ్రీల దాకా వెళ్తుంది. లోపల గాజులా బిగుసుకుపోతుంది, నీరు పీల్చదు, గ్లేజ్, అంటే పైన వేసే గాజుపూత, గట్టిగా పట్టుకుంటుంది. మన ఎర్ర ఒండ్రులో ఇనుము ఎక్కువ. అంత వేడికి చాలావరకు ఉబ్బిపోతుంది, లేదా కూలబడుతుంది. పైగా ప్రతి బస్తా ఒక కొత్త మట్టే. ఈసారి కుదిరిన లెక్క వచ్చేసారి కుదరదు.

పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు. మన దేశంలో స్టూడియో పాటరీ చేసేవాళ్ళు ఎంతోమంది అక్కడ స్టోన్‌వేర్ నేర్చుకుని వచ్చినవాళ్ళే. మట్టి ఏ జిల్లాదని వాళ్ళని ఎవరూ అడగలేదు. ఆయిల్ పెయింట్ వేసేవాళ్ళని రంగు ట్యూబు ఏ ఊరిదని అడుగుతామా? మీ చార్‌కోల్ ఏ ఊరి కట్టె?

సారె తిప్పిన ఇల్లు:

అన్నా, రంగు ట్యూబుతో పోల్చకు. ట్యూబులో రంగు తయారై వస్తుంది. మట్టిని మనం తయారు చేసుకోవాలి. సగం పని అక్కడే ఉంది.

మాది కుమ్మరి ఇల్లు. తాత సారె తిప్పాడు, నాన్న కొన్నాళ్ళు తిప్పి మానేశాడు, నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. అక్కా, నీ పలకల విషయంలో మట్టి తప్పేమీ లేదు. ఆ తెల్ల చుక్క సున్నపురాయి పలుకు. కిల్న్‌లో 800 డిగ్రీలు దాటాక అది కాలి సున్నం అవుతుంది. బయటికి తీశాక గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బి, పైనున్న పెచ్చుని తోసేస్తుంది. వారం పట్టింది అందుకే.

మా నాయనమ్మ మట్టిని గోలెంలో నానేసి, జావలా చేసి, పల్చటి గుడ్డలో వడకట్టేది. అడుగున మిగిలిన రాళ్ళూ వేళ్ళూ పారబోసేది. నువ్వు 80 మెష్ జల్లెడ, అంటే సన్నకన్నాల జల్లెడ, తెచ్చుకో. ఇంకా భయంగా ఉంటే, పలకలు కిల్న్ నుంచి తీయగానే, గోరువెచ్చగా ఉండగానే, నీళ్ళలో పూర్తిగా ముంచి కొన్ని గంటలు ఉంచు. మిగిలిన సున్నం గాలి తేమకి మెల్లగా ఉబ్బకుండా ఆ నీళ్ళలోనే చల్లారిపోతుంది.

వంగడానికి కారణం మన మే నెల ఎండ. పైన ఆరి కింద పచ్చిగా ఉంటే ఏ మట్టయినా వంగుతుంది. కాల్చిన పెంకుల పొడి నాలుగోవంతుకి తక్కువగా కలుపు. నీడలో, రెండు చెక్కల మధ్య పేపర్లు వేసి, రోజూ పేపర్లు మారుస్తూ ఆరబెట్టు. ఒక్కటి మాత్రం చేయకు, చుట్టుపక్కల చేలలోని నల్లరేగడి కలపకు. పత్తికి బంగారమే గానీ, తడిస్తే ఉబ్బి ఆరితే బీటలు వారే మట్టి అది. పలక నిలవదు.

తెనాలి డ్రాయింగ్ మాస్టారు:

మీ ముగ్గురి మాటలూ చదివాను. ఎంతసేపూ మట్టి గురించే మాట్లాడారు. గీత సంగతి ఎవరూ అడగలేదు.

అమరావతి స్తూపం పలకలు పల్నాడు సున్నపురాయివి. దగ్గరలో దొరికింది కాబట్టే శిల్పులు దాన్ని తీసుకుని ఉంటారు, అందులో సిద్ధాంతం ఏమీ లేదు. కానీ ఆ రాయి సన్నని చెక్కడానికి లొంగుతుంది. ఆ పలకల్లో నడుము ఒంపులు, కిక్కిరిసిన జనం, నగల గీతలు అంత సన్నగా రావడంలో రాయికీ వాటా ఉంది. కొండపల్లి బొమ్మ చూడండి. తెల్లపొణికి కర్ర తేలిక, మెత్తన. చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపి అతికిస్తారు. అదే బొమ్మని టేకులో చెక్కితే ఇంకో బొమ్మ అవుతుంది.

కాబట్టి అమ్మాయీ, నేను అడిగేది ఒక్కటే. నీ గీత ఏ మట్టిమీద ఎలా పడుతోంది? దానికి జవాబు చెప్పకుండా ఊరి పేరు మీద పట్టుబట్టడం నాకు నచ్చదు. పలకలు పాడవుతాయని భయపడి మట్టి మార్చడమూ నచ్చదు.

పటమట స్టూడియో:

మాస్టారూ, భయం కాదండీ. పన్నెండులో ఏడు పోయాయి. కొండపల్లి వాళ్ళ వెనక తరాల అనుభవం ఉంది. ఈవిడ ఒక్కతే మేడమీద గదిలో కూచుని మట్టి శాస్త్రం మొదటినుంచీ కనిపెట్టాలంటే బొమ్మలు ఎప్పుడు గీస్తారు? ఆర్టిస్టు కాలం కూడా ఖర్చే.

ఇక్కడి మట్టి వదలలేనంటే ఒక దారి ఉంది. స్టోన్‌వేర్‌తో పలక చేసి, మీ ఒండ్రుని పల్చగా కలిపి పైన పూసి, 1240 దగ్గర కాల్చి చూడండి. ఆ వేడికి ఒండ్రు కరిగి గోధుమరంగు గ్లేజ్ అయ్యే అవకాశం ఉంది. అమెరికాలో 19వ శతాబ్దంలో జాడీలకి ఆల్బనీ స్లిప్ అనే పల్చటి మట్టిని ఇలాగే పూసేవాళ్ళు.

సారె తిప్పిన ఇల్లు:

మంచి ప్రయోగమే, చేసి చూడాల్సిందే. కానీ అన్నా, అప్పుడు ఒళ్ళు వేరే ఊరిది, చొక్కా మన ఊరిది.

ఇంకో మాట చెప్పాలి. మా ఊళ్ళో ఇప్పుడు మట్టి చెరువులో ఊరికే దొరకదు. ట్రాక్టర్ లెక్కన కొనాలి. ప్లాస్టిక్ బిందెలు వచ్చాక కుండలు కొనేవాళ్ళు తగ్గారు, ప్రమిదలు కార్తీకంలోనే అమ్ముడుపోతాయి. అక్క కొనే ఆ నాలుగు బస్తాలు ఒక ఇంటికి ఆసరా. నాకు అది కూడా లెక్కే.

బ్రాడీపేట మేడగది:

మూడు వారాలు ఆగి రాస్తున్నాను. చెప్పినవి చేసి చూడకుండా జవాబు రాయబుద్ధి కాలేదు.

ఒండ్రు నానబెట్టి జల్లెడ పట్టాను. రెండు బస్తాలకి గుప్పెడు పైనే రాళ్ళు వచ్చాయి, తెల్లవి చాలా. పాత పలకలే దంచి పొడి కలిపాను. చిన్న పచ్చిమట్టి పట్టీ మీద 10 సెంటీమీటర్ల గీత గీసి పెట్టుకున్నాను. ఆరాక 9.3 అయింది, కాలాక 9.1. ఇక ఏ కొలత పలకకి ఎంత పెద్దది చేయాలో నాకు తెలుసు. ఆరు పలకలు పేపర్ల మధ్య తొమ్మిది రోజులు ఆరబెట్టాను. ఐదు తిన్నగా వచ్చాయి. కాల్చి నీళ్ళలో ముంచాను. ఇప్పటికి ఎనిమిది రోజులు, ఒక్క పెచ్చు లేవలేదు.

మాస్టారూ, మీ ప్రశ్నకి జవాబు నా చేతికి ముందే తెలుసు, నేనే మాటల్లో పెట్టుకోలేదు. మామూలు పెన్సిల్‌తో గీసి కాల్చితే గ్రాఫైట్ మండిపోయి గీత మాయమవుతుంది. మొదట్లో ఒక పలక అలా పోయింది. అందుకే కాల్చిన తర్వాతే గీస్తాను. 1000 దగ్గర కాలిన ఒండ్రు పలక సిరాని కాగితంలా తాగుతుంది. గీత అంచు కొంచెం పాకుతుంది. పెడన కలంకారీ వాళ్ళు నల్లరంగుకి ఇనపముక్కలు, బెల్లం నీళ్ళలో పులియబెడతారు కదా, అది నేనూ చేసుకున్నాను. పలకకి ముందు కరక్కాయ నీళ్ళు పట్టించి, దాంతో గీస్తే నలుపు లోపలికి దిగుతోంది. నిన్న పటమట స్టూడియో వారు పంపిన స్టోన్‌వేర్ ముక్కమీద అదే ప్రయత్నించాను. నీళ్ళచుక్కలా పైనే నిలబడి, తుడిస్తే పోయింది.

అందుకని గీసే పలకలకి ఒండ్రే. టీ కప్పులు చేస్తే మాత్రం స్టోన్‌వేర్ తెప్పిస్తాను, నీరు పీల్చే కప్పులో ఎవరికీ టీ ఇవ్వలేను. ఆ 1240 పూత కూడా చూస్తాను. మా కిల్న్ అంత వేడికి వెళ్ళదు, పటమటలో ఒక షెల్ఫ్ ఇస్తారా?

అమ్మ ముఖం మళ్ళీ గీశాను. ఊడిన పలకని పారేయలేదు, రెండూ ఒకే చెక్కమీద పక్కపక్కన పెట్టాను.

తమ్ముడూ, మీ నాయనమ్మగారు ఊళ్ళోనే ఉంటే ఒక ఆదివారం వస్తాను. వడకట్టిన జావ ఎంత చిక్కబడ్డాక పిసకడం మొదలుపెట్టేవారో, అది రాతలో అర్థం కావడం లేదు. చేత్తో చూపించమని అడగాలి.