వాల్వు ఆంప్లిఫయరా, ట్రాన్సిస్టరా? 87 డీబీ స్పీకర్లు, గ్రానైటు గది, మన ఎండలు

ఒంగోలు శ్రోత:
గది 14 × 12 అడుగులు, కింద చీమకుర్తి గ్రానైటు, పైన స్లాబు. స్పీకర్లు టూ-వే బుక్‌షెల్ఫ్, సున్నితత్వం (ఇచ్చిన శక్తికి వచ్చే శబ్దం) 87 డీబీ, పేరుకు 8 ఓములు. కూర్చునేది రెండున్నర మీటర్ల దూరంలో. వినేది ఎక్కువగా కర్ణాటక కచేరీలు, ఆ తర్వాత ఘంటసాల, సుశీల పాటలు. దాదాపు ఒకే ధరకు రెండు దొరుకుతున్నాయి: ఈఎల్34 రకం వాల్వులతో (లోపల తీగ కాగి పనిచేసే పాతకాలపు గాజు గొట్టాలు) చానెల్‌కు 35 వాట్ల పుష్‌పుల్ కిట్టు, 60 వాట్ల క్లాస్ ఏబీ ట్రాన్సిస్టర్ సెట్టు. గాత్రానికి వాల్వే కమ్మగా ఉంటుందంటారు. అందులో నిజమెంత? మన కరెంటుకు, ఎండకు ఏది తట్టుకుంటుంది?

పెన్నాగట్టు:
వాల్వే తీసుకోండన్నా, ఆలోచించే పనే లేదు. కమ్మదనానికి కారణం సంగీతంలోనే ఉండాది. ఏ ఆంప్లిఫయరైనా లోపలికి పోయిన స్వరానికి తనవంతు కాస్త కల్తీ చేరుస్తాది. వాల్వు చేర్చేది ఎక్కువగా రెండో హార్మోనిక్కు (అసలు స్వరానికి రెండు రెట్ల ధ్వని), కొంచెం మూడోది. షడ్జమం మీద రెండోది తారషడ్జమం, మూడోది తారపంచమం, ఐదోది ఇంకా పైన అంతరగాంధారం. తంబురా మీటితే ఇవన్నీ మామూలుగా వినపడేవే గదా. ఏడోదానికి, పదకొండోదానికి మన పన్నెండు స్వరస్థానాల్లో చోటే లేదు. ట్రాన్సిస్టర్ సెట్టుకు శక్తి చాలక అల పైభాగం కత్తిరించినట్టు తెగినప్పుడు పుట్టేవి అట్టాంటివే. వాల్వు తెగదు, ఒంగుతాది.

వోల్టుమీటరు:
తంబురా పోలిక బాగుంది, కానీ అడిగింది పుష్‌పుల్ కిట్టు గురించి. పుష్‌పుల్‌లో రెండు వాల్వులు ఎదురెదురుగా పని చేస్తాయి కాబట్టి రెండు, నాలుగు లాంటి సరి హార్మోనిక్కులు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనే చాలావరకు కొట్టుకుపోతాయి. మీరు చెప్పే తారషడ్జమం ముందు పోయేది అక్కడే. ఇంకోటి: కచేరీలో ఒక్క స్వరం ఒంటరిగా మోగదు. గాత్రం 300 హెర్ట్జ్, వయొలిన్ 410 హెర్ట్జ్ అనుకోండి. రెండో హార్మోనిక్కును పుట్టించే వంకరే 110, 710 హెర్ట్జ్ కూడా పుట్టిస్తుంది. ఆ రెండూ వేదిక మీద ఎవరూ పాడనివి, వాయించనివి.

అసలు వినపడే తేడా వేరే చోట ఉంది: ఔట్‌పుట్ ఇంపిడెన్సు, అంటే కరెంటుకు ఆంప్లిఫయరు తన లోపలే పెట్టే అడ్డు. ‘8 ఓముల’ స్పీకరు ఒక చోట 5 ఓములు, ఇంకో చోట 30 ఓములు చూపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇచ్చి కల్తీ తగ్గించడం) లేని సింగిల్ ఎండెడ్ (ఎదురు జత లేకుండా ఒకే వైపు పని చేసే) వాల్వు సెట్టుకు లోపలి ఇంపిడెన్సు 2 ఓములు ఉండటం మామూలే. అప్పుడు 5 ఓముల దగ్గర 2.9 డీబీ, 30 ఓముల దగ్గర 0.6 డీబీ పోతుంది. అంటే ఎవరూ తిప్పని టోన్ కంట్రోలు 2.3 డీబీ తిరిగినట్టు. 0.05 ఓముల ట్రాన్సిస్టర్ సెట్టుకు ఇదే లెక్క వేస్తే తేడా 0.1 డీబీ కూడా రాదు. చాలామంది ‘వాల్వు రుచి’ అనేది ఆ 2.3 డీబీనే.

నమ్మకం లేకపోతే ట్రాన్సిస్టర్ సెట్టు నుంచి స్పీకరుకు పోయే ప్లస్ వైరులో 2 ఓముల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టెన్సు పెట్టి, తగ్గిన 2 డీబీ వాల్యూము పెంచి వినండి. 1985లో అమెరికాలో ఆంప్లిఫయర్లు తయారుచేసే బాబ్ కార్వర్ చేసిందీ ఇదే దారి. ‘స్టీరియోఫైల్’ పత్రికవాళ్లు ఎంచుకున్న ఖరీదైన వాల్వు సెట్టుకు తన ట్రాన్సిస్టర్ సెట్టును సరిపెట్టాడు. రెండింటి ఔట్‌పుట్‌ను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, మిగిలిన శబ్దం దాదాపు వినపడనంత వరకు సర్దాడు. విన్నవాళ్లు తేడా పట్టలేకపోయారు.

పెన్నాగట్టు:
మీ లెక్కతోనే మీకు జవాబు. 2 ఓములు ఫీడ్‌బ్యాక్ లేని సింగిల్ ఎండెడ్‌కు. పుష్‌పుల్ ఈఎల్34కు ఫీడ్‌బ్యాక్ ఉంటాది, ఒక ఓముకు అటూ ఇటూ వచ్చేస్తాది. 1947లో విలియమ్సన్ అనే ఇంజనీరు ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో వేసిన డిజైను చూడండి: కేటీ66 వాల్వుల జత, 20 డీబీ ఫీడ్‌బ్యాక్, 15 వాట్ల దగ్గర కల్తీ 0.1 శాతం లోపు. డెబ్బై ఏళ్లు దాటింది. మంచి వాల్వు సెట్టు రుచి కలపదు, ఉన్నది ఉన్నట్టు ఇస్తాది.

పైగా రిపేరు. వాల్వు పోతే సాకెట్టులోంచి పీకి ఇంకోటి పెడతాం. ట్రాన్సిస్టర్ సెట్టులో ఎస్‌టీకే ఐసీ (ఆంప్లిఫయరంతా ఒకే ముక్కలో ఉండేది) కాలిపోతే బజార్లో దొరికే వాటిలో నకిలీలెన్నో మీకూ తెలుసు.

వోల్టుమీటరు:
ఉన్నది ఉన్నట్టే ఇస్తే కమ్మదనం ఎక్కడిది మరి? రెండు వాదాలూ ఒకేసారి నిలబడవు. ఐసీల మాట ఒప్పుకుంటాను. అందుకే ఐసీ సెట్టు కాకుండా విడి ట్రాన్సిస్టర్లతో చేసింది చూడమంటాను, మన ఊళ్లో మెకానిక్కు కూడా విప్పి బాగు చేయగలడు.

కావలి కరెంటు:
శబ్దం గొడవ మీరిద్దరూ తేల్చుకోండి. అడిగినాయన ఇంకో మాట కూడా అడిగాడు, దాన్ని ఎవరూ పట్టించుకోలా.

వాల్వు హీటరుకు 6.3 వోల్టులు కావాలి, పది శాతం అటూ ఇటూ మాత్రమే ఓర్చుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ 230కి చుట్టి ఉంటే, అర్ధరాత్రి 260 వచ్చినప్పుడు హీటరు మీద 7.1 పడుద్ది, మోటార్లన్నీ ఒక్కసారిగా పడి 190కి దిగితే 5.2. రెండూ వాల్వు ఆయుష్షు తినేవే. బయటి నుంచి తెప్పించిన కిట్టు 220కి చుట్టి ఉంటే ఇంకా ఘోరం, మామూలు 240 దగ్గరే 6.9కి పోద్ది. కొనేముందు ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి (కరెంటు లోపలికి వచ్చే చుట్టకు) 240 ట్యాపు ఉందా అని అడగండి.

రిలే స్టెబిలైజరు ‘టక్’మన్న ప్రతిసారీ వోల్టేజీ మెట్టు దిగి ఎక్కుద్ది. మెట్లు లేకుండా మోటారుతో మెల్లగా సర్దే సర్వో అయితే మేలు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద మాత్రం రెండు రకాలూ వద్దు. సైను అలకు 230 దగ్గర శిఖరం 325 వోల్టులు, చదరపు అలకు 230 మాత్రమే. కండెన్సర్లు నిండేది శిఖరానికి కాబట్టి 430 రావాల్సిన హెచ్‌టీ (వాల్వు ప్లేట్లకు పోయే హెచ్చు వోల్టేజీ) 300 దగ్గరే ఆగుద్ది, పైగా ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది. ట్రాన్సిస్టర్ సెట్టుకూ అంతే, పవరు సగమైపోద్ది.

ఇక వేడి. ఈఎల్34 హీటరు 1.5 ఆంపియర్లు, అంటే ఒక్కోదానికి 9.5 వాట్లు. నాలుగింటికి 38. ప్లేట్ల మీద ఇంకో 65, చిన్న వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్ నష్టం కలిపితే పాట లేకున్నా 130, 150 వాట్లు కాలుతూనే ఉంటుంది. రోజుకు మూడు గంటలు వింటే నెలకు 13 యూనిట్లు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, తలుపులేసిన 14 × 12 గదిలో అది చిన్న కుంపటి. ఏసీ వేస్తే దాని హోరు, వేయకపోతే చెమట. క్లాస్ ఏబీ సెట్టు ఊరికే ఉన్నప్పుడు తినేది దీంట్లో నాలుగో వంతో ఐదో వంతో.

సముద్రపు గాలి రెంటినీ వదలదు. కొత్తపట్నం, మైపాడు వైపు ఇళ్లల్లో సాకెట్టు క్లిప్పులు ఏడాది తిరక్కుండానే పచ్చగా చిలుం పడతాయి. వాల్వు సెట్టులో చిటపటలు మొదలైతే ముందు వాల్వును అనుమానించకండి. సెట్టు ఆపి, చల్లారాక వాల్వు తీసి, పిన్నులకు కాంటాక్ట్ క్లీనరు కొట్టి, నాలుగైదుసార్లు దూర్చి తీయండి. ట్రాన్సిస్టర్ సెట్టులో చెడేది స్పీకరు రిలే. ఒక చానెల్ సన్నగా వచ్చి, వాల్యూము పెంచగానే ‘ఠప్’మని బాగైపోతే అది రిలే కాంటాక్టులే. ఆకురాయితో గీకకండి, పైపూత పోయి నెలకే మళ్లీ అదే వరస. రిలే మార్చడమే.

బల్లుల సంగతి మరిచిపోయా. వెచ్చదనానికి ఛాసిస్ కిందికి దూరి 400 వోల్టుల మీద పడ్డ బల్లి తనతో పాటు ఫ్యూజునూ, ఒక్కోసారి రెక్టిఫయరునూ తీసుకుపోద్ది. అడుగు రేకు కన్నాలకు లోపలి నుంచి సన్న జాలీ బిగించండి.

ఒంగోలు శ్రోత:
వాల్వు సెట్టుకు బయాసు (పాట లేనప్పుడు వాల్వులో పారే కరెంటును సర్దడం) మనమే పెట్టుకోవాలంటున్నారు. ఎట్టా? ఎంత ప్రమాదం?

పెన్నాగట్టు:
ప్రమాదం నిజమే, దాచను. 430 వోల్టులు, 100 మైక్రోఫారడ్ కండెన్సరంటే 9 జౌళ్లు. స్విచ్చి ఆపినా అట్టానే కూర్చోని ఉంటాది. 10 కిలోఓముల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టెన్సుకు ఇన్సులేషను ఉన్న క్లిప్పులు వేసుకోని, ఒకటి ఛాసిస్‌కు, ఇంకోటి హెచ్‌టీకి తగిలించండి. పది సెకన్లు ఆగి మీటరు పెట్టి చూడండి. తీసేస్తే వోల్టేజీ కొంచెం మళ్లీ పైకొస్తాది, అందుకని చెయ్యి లోపల ఉన్నంతసేపూ క్లిప్పు తియ్యబాకండి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసే అలవాటు వద్దు, నిప్పురవ్వలకు కండెన్సరే దెబ్బ తింటాది. సెట్టు ఆన్‌లో ఉంటే ఒక చెయ్యి వీపు వెనక, కాళ్లకు రబ్బరు చెప్పులు, నేల తడి లేకుండా.

ఇక పద్ధతి. స్పీకరో, 8 ఓముల డమ్మీ లోడో (స్పీకరు బదులు పెట్టే రెసిస్టెన్సు) తగిలించకుండా వాల్వు సెట్టు ఆన్ చెయ్యనే చెయ్యబాకండి. లోడు లేకుండా పాట పోతే ట్రాన్స్‌ఫార్మర్ లోపల మంట లేస్తాది. వాల్వు పెట్టకముందే బయాసు పాట్లు ఎక్కువ నెగటివ్ వైపు తిప్పి పెట్టుకోండి. క్యాథోడ్ దగ్గర 1 ఓము రెసిస్టెన్సు ఉంటాది, దాని మీద 1 మిల్లీవోల్టు అంటే 1 మిల్లీఆంపియరు. ఇరవై నిమిషాలు కాగనీయండి. ఈఎల్34 ప్లేటు హద్దు 25 వాట్లు. అందులో 70 శాతం 17.5, దాన్ని 430తో భాగిస్తే 40 మిల్లీఆంపియర్లు. క్యాథోడ్ దగ్గర స్క్రీను కరెంటు కూడా కలిసి వస్తాది కాబట్టి 44, 45 కనపడాల. ఎండాకాలం ప్లేటుకు 35 చాలు, వినేదాంట్లో తేడా రాదు. ఇంట్లో వోల్టేజీ ఎక్కువుండే వేళ పెట్టండి, తక్కువ వేళ పెడితే రాత్రికి హద్దు దాటుతాది.

ఒక వాల్వు ప్లేటు ఎర్రబడితే వెంటనే ఆపండి. చాలాసార్లు తప్పు వాల్వుది కాదు, దాని ముందున్న 0.22 మైక్రోఫారడ్ కప్లింగ్ కండెన్సరు కారతా ఉంటాది. వాల్వు తీసేసి, సెట్టు ఆన్ చేసి, నెగటివ్ బయాసు వచ్చే సాకెట్టు 5వ పిన్ను దగ్గర కొలవండి. పక్కదాంట్లో మైనస్ 40 ఉండి దీంట్లో మైనస్ 34 ఉంటే కండెన్సరు మార్చండి, 630 వోల్టులది.

వోల్టుమీటరు:
బయాసు గురించి పెన్నాగట్టు చెప్పినవన్నీ సరైనవే. ఇంత పని చేయగలిగినవాడికే వాల్వు. ట్రాన్సిస్టర్ సెట్టుకు చూడాల్సింది రెండే. ఇన్‌పుట్ ఏమీ లేకుండా స్పీకరు టెర్మినళ్ల మధ్య డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. ఔట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్టయితే 40 వోల్టుల డీసీ నేరుగా ఊఫరు మీద పడి కాయిలు కాలుస్తుంది, కాబట్టి ప్రొటెక్షన్ రిలే లేని సెట్టు కొనకండి. ఈ విషయంలో వాల్వుదే పైచేయి, ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం ఉంటుంది గనక డీసీ స్పీకరుదాకా రాదు.

కనిగిరి వైండింగ్:
కిట్టు చౌకగా వస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే అనుమానించాలి. వాల్వుల వైపు 6.6 కిలోఓముల నుంచి స్పీకరు వైపు 8 ఓములకు చుట్ల నిష్పత్తి సుమారు 29కి 1. నిష్పత్తి ఎవరైనా కుదురుస్తారు. మోటార్లు చుట్టే షాపులో ప్రైమరీ మొత్తం ఒకేసారి చుట్టి, పైన సెకండరీ వేస్తారు. లీకేజీ పెరిగి హెచ్చు స్వరాలు పోతాయి, ఫీడ్‌బ్యాక్ తగిలిస్తే కూత పెడుతుంది. ప్రైమరీ, సెకండరీ ముక్కలు ముక్కలుగా ఒకదాని మధ్య ఒకటి రావాలి. కొత్త కిట్టు ఆన్ చేయగానే కూత పెడితే మాత్రం భయపడొద్దు, రెండు ప్లేటు వైర్లు అటూ ఇటూ మార్చండి, చాలాసార్లు అంతే. సింగిల్ ఎండెడ్ అయితే కోరులో ‘E’ ఆకారం రేకులన్నీ ఒక వైపు, ‘I’ ఆకారం రేకులన్నీ ఇంకో వైపు, మధ్యలో పలచని కాగితం ఉండాలి. లేకపోతే డీసీకే కోరు నిండిపోయి మృదంగం తొప్పి శబ్దం మాయమవుతుంది.

గోడచప్పుడు:
గ్రానైటు, స్లాబు ఎదురెదురు. చప్పట్లు కొట్టి చూడండి, ‘ట్ర్ర్’మని వస్తే ముందు జంపఖానా పరచండి, పక్క గోడలకు అద్దం పెట్టి స్పీకరు కనపడే చోట మందపాటి బొంత వేలాడదీయండి. ఆంప్లిఫయరు ఆ తర్వాత. చాలా ఇళ్లల్లో ట్రాన్సిస్టర్ ‘కరుకు’ అనేది గోడలదే.

పెన్నాగట్టు:
బొంతకు ఒప్పుకుంటా. 35, 60 వాట్ల మధ్య తేడా 2.3 డీబీనే, దాన్ని చూసి మాత్రం కొనబాకండి.

వోల్టుమీటరు:
అదీ నిజమే. రెండూ తెచ్చి పోల్చదలచుకుంటే 300 హెర్ట్జ్ టోను వేసి, స్పీకరు టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టులు రెంటికీ 2.00 వచ్చేలా సర్దండి. 2.02 దాటితే 0.1 డీబీ దాటినట్టే, గట్టిగా వినపడేదే బాగున్నట్టు అనిపిస్తుంది. 1 కిలోహెర్ట్జ్ వద్దు, చవక మీటర్లు అక్కడ తప్పు చెబుతాయి. మార్చే స్విచ్చి ప్లస్, మైనస్ రెంటినీ విడదీయాలి, వాల్వు వైపు స్పీకరు లేనప్పుడు డమ్మీ లోడు పడాలి. స్విచ్చి ఇంకొకరు తిప్పాలి, ఏది మోగుతోందో మీకు తెలియకూడదు.

ఒంగోలు శ్రోత:
ట్రాన్సిస్టర్ సెట్టు, బొంత, 2 ఓముల రెసిస్టెన్సుతో మొదలుపెడతాను. రుచి నచ్చితే కిట్టు.

పెన్నాగట్టు:
రెసిస్టెన్సులు రెండు తీసుకోండి, చానెల్‌కొకటి. కాలతాయి, బొంతకు దూరంగా పెట్టండి.