ఊడ్పుల కాళ్ళకి గుగ్గిలం మలాం: వేళ్ళ సందుల్లో కూడా రాయొచ్చా?

డెల్టా రైతు: సార్వా ఊడ్పులండి. బురదలో దిగేవాళ్ళకి మడమలు పగులుతున్నాయి, వేళ్ళ సందులు తెల్లగా నాని పాచిపోతున్నాయి. రెండింటికీ గుగ్గిలం మలామే రాసెయ్యమంటున్నారు. నిజమేనా?

మూలికల కొట్టు: నిక్షేపంలా రాయొచ్చు. నువ్వులనూనె 200 గ్రాములకి గుగ్గిలం 50. మెత్తగా దంచి, గుడ్డలో జల్లించి, సన్నసెగ మీది నూనెలో కొంచెం కొంచెంగా చల్లుతూ కలపాలి. పొగ వచ్చిందా, సెగ ఎక్కువైనట్టే: మలాం నల్లబడుతుంది, అంటుకున్నా అంటుకుంటుంది. కరిగాక వేడిమీదే వడకట్టండి, లేకపోతే బెరడు నలుసులు పగుళ్ళలో గీసుకుంటాయి. గోరువెచ్చగా అయ్యాకే చన్నీళ్ళలో పోసి చేత్తో చిలకాలి. కాగేది పోస్తే చిట్లి మొహాన పడుతుంది. నీళ్ళు మార్చి చిలికేకొద్దీ వెన్నలా తెల్లబడుతుంది. చివర్లో నీళ్ళన్నీ పిండెయ్యాలి, చెమ్మ మిగిలితే బూజు పడుతుంది. సందుల్లో చెమ్మని కూడా గుగ్గిలమే పీల్చేస్తుంది.

పాదాల నర్సు: ఆ చివరి మాటే తప్పండి. గుగ్గిలం నీళ్ళలో కరగదు, నీటిని పీల్చదు. పైగా మీ మలాంలో ఐదింట నాలుగొంతులు నూనె. ఎండిన మడమకి ఆ పొర మేలే. నానిన సందుని అదే పొర కప్పేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఫంగస్‌కి కావలసిందే అది. సందు సందూ కడిగి, పొడిగుడ్డతో అద్ది, ఫంగస్ మందు క్లోట్రిమజోల్ 1 శాతం క్రీం రోజుకి 2 సార్లు రాయాలి. తెలుపు పోగానే మానేస్తే మళ్ళీ వస్తుంది, 4 వారాలు రాయండి. షుగరున్నా, పాదం ఎర్రబడి వాచినా ఏ మలామూ వద్దు, డాక్టరు దగ్గరికే.

మూలికల కొట్టు: చెట్టు బంకకి ఫంగస్ లొంగదంటారా? తామరకి రాసే విట్‌ఫీల్డ్ మలాంలోని బెంజోయిక్ ఆమ్లం సాంబ్రాణిదే కదండీ!

పాదాల నర్సు: మొదట్లో సాంబ్రాణి నుంచి తీసిందే, ఒప్పుకుంటాను. కానీ అందులో ఉండేది విడదీసి తూచిన ఆమ్లం, 6 శాతం, తోడుగా 3 శాతం సాలిసిలిక్ ఆమ్లం. అదీ పొడితామరకే. పచ్చిగా ఒరిసిన సందులో రాస్తే భగ్గుమంటుంది.

పచారీ లెక్కలు: అసలు కొట్లో ఇస్తున్నది గుగ్గిలమేనా? గుగ్గులు అడిగి తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. అది వేరే చెట్టు, జిగటగా ఉంటుంది. పైన్ చెట్టు బంక (రోజిన్) కలిస్తే ఇంకో తంటా, కొందరికి అది పడక దద్దుర్లొస్తాయి. ముంజేతి లోపల చిక్కుడుగింజంత చోట 2 పూటలా వారం రాసి చూడండి.

మూలికల కొట్టు: సరే, సందులు వదిలేస్తాను. మడమకైతే రాత్రిపూట గోరువెచ్చని నీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టి, తుడిచి, పల్చగా పట్టించి మేజోడు వేసుకోండి. నెత్తురు కారే పగులులో మాత్రం కూరొద్దు.